నాన్న దాచుకున్న రేకు మీది డబ్ల్యూజీఎస్‌సీఎన్ అంటే ఏమిటి?

లాలాగూడ అమ్మాయి:
మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పెయింటర్. 2011లో రిటైరయ్యారు, పోయిన ఏడాది కాలం చేశారు. మొన్న ఇల్లు సర్దుతుంటే అటక మీద గోనెసంచిలో చుట్టిన రేకు ఒకటి దొరికింది. మూరెడు పొడవుంది. అంచులంతా పసుపు రంగు పెచ్చులు కట్టింది. అందులో డబ్ల్యూ, జీ, ఎస్, సీ, ఎన్ అని ఇంగ్లిషు అక్షరాలు కోసి ఉన్నాయి. సంచిలోనే ఒక ఫొటో కూడా ఉంది. నీలం బోగీ పక్కన నాన్న నిలబడ్డారు, భుజం దగ్గర 04231 అనే నంబరు కనిపిస్తోంది. టికెట్టు మీద ఎస్7, బి2 అనే కదా ఉంటుంది? మరి ఇవేమిటి? నాన్న ఉండగా అడగాలని తోచలేదు. తెలిసినవాళ్లు అక్షరం అక్షరం విడమరిచి చెప్పండి.

రిటైర్డ్ క్యారేజ్ స్టాఫ్, విజయవాడ:
అమ్మా, అది స్లీపర్ కోచ్ కోడ్. డబ్ల్యూ అంటే వెస్టిబ్యూల్, అంటే ఒక కోచ్ నుంచి ఇంకో కోచ్‌లోకి నడిచి వెళ్లే దారి ఉన్నది. జీ అంటే తన కరెంటు తనే తయారు చేసుకునేది. ఇరుసుకి బెల్టు, ఆ బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్, కింద బ్యాటరీలు. బండి ఎక్కడైనా చాలాసేపు ఆగిపోతే ఫ్యాన్లు నీరసంగా తిరిగేవి, గుర్తుందా? బ్యాటరీ దిగిపోయి అలా అయ్యేది. ఎస్ అంటే సెకండ్ క్లాసు, సీఎన్ అంటే మూడంచెల స్లీపర్. సీడబ్ల్యూ అని ఉంటే రెండంచెలది.

నంబరులో మొదటి రెండంకెలు తయారైన సంవత్సరం, అంటే 2004. తర్వాతి మూడూ కోచ్ రకం. 201 నుంచి 400 దాకా స్లీపర్లవి. మీ ఫొటోలో 231, సరిగ్గా సరిపోయింది. ఎస్7 మాత్రం ఆ పూటకి ఆ బండిలో దాని వరస. రేపు ఇంకో బండికి తగిలిస్తే ఎస్3 కావచ్చు. 04231 మారదు.

ఆ రేకు మీది రంగు గీకకండి. అన్ని పొరలు కట్టిందంటే ఎన్ని కోచ్‌ల మీద వేసి ఉంటారో!

వరంగల్ రైల్‌ఫ్యాన్:
ఇప్పుడు కొత్త స్లీపర్ల మీద ఎల్‌డబ్ల్యూఎస్‌సీఎన్ అని ఉంటుంది. ఎల్ అంటే ఎల్‌హెచ్‌బీ, జర్మన్ డిజైన్. వీటికి కరెంటు పవర్ కార్ నుంచో ఇంజన్ నుంచో వస్తుంది కాబట్టి జీ పోయింది. బెర్తులు 72 నుంచి 80 అయ్యాయి. పెరంబూరు ఫ్యాక్టరీ 2018లో పాత రకం తయారీ ఆపేసింది, అందుకే మీ నాన్నగారి కోడ్ రానురాను అరుదైపోతోంది. ఇంకో మాట. బోగీ అంటే నిజానికి కోచ్ కింద ఉండే చక్రాల చట్రం, ఒక్కో కోచ్‌కి రెండుంటాయి. మనం పెట్టె మొత్తాన్నీ బోగీ అనేస్తాం. నేనూ అంతే, మానను.

టోక్యో తెలుగు:
ఇక్కడి పెట్టెల మీద కూడా కోడ్ ఉంటుంది, జపనీస్ అక్షరాల్లో. పాత వర్ణమాల వరస ఇ, రో, హ. ఫస్ట్ క్లాసుకి ఇ, సెకండ్‌కి రో, థర్డ్‌కి హ అని పెట్టారు, మనం అ, ఆ, ఇ అని పెట్టుకున్నట్టు. 1960లో మూడు తరగతులు రెండయ్యాయి. అయినా మామూలు పెట్టె మీద ఇప్పటికీ హ ఉంటుంది. ముందు కు ఉంటే డ్రైవర్ క్యాబిన్ ఉన్నది, మో ఉంటే మోటారు ఉన్నది. నేను రోజూ ఎక్కే లోకల్ బండిలో మొదటి పెట్టె కుహ.

లాలాగూడ అమ్మాయి:
బాబాయి గారూ, మీరు చెప్పింది అమ్మకి చదివి వినిపించాను. రంగు గీకం, అలాగే ఫ్రేము కట్టిస్తాం. సంచి అడుగున ఇంకో చిన్న రేకు కూడా ఉంది. హిందీలో ‘దమ’ అని రెండే అక్షరాలు. ఇదేమిటి?

రిటైర్డ్ క్యారేజ్ స్టాఫ్, విజయవాడ:
దక్షిణ మధ్య, అమ్మా. మన జోను. పక్కనే ఇంగ్లిషులో ఎస్‌సీ అని వేసి, ఆ తర్వాత నంబరు వేసేవారు. రెండు రేకులూ ఒకే ఫ్రేములో పెట్టించండి.