అప్‌డేట్: శాటిలైట్ బరువు పెరిగితే వేగం కూడా పెరగాలా?
బరువైన శాటిలైట్ కక్ష్యలో నిలవాలంటే ఇంకా వేగంగా తిరగాలా అని మా పాప (ఇంటర్ ఫస్టియర్, తిరుపతి) కోసం అడిగాను కదా, జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. మీరన్నట్టే గురుత్వ బలాన్ని అభికేంద్ర బలానికి (గుండ్రంగా తిరిగేదాన్ని కేంద్రం వైపు లాగి ఉంచే బలం) సమానం చేసి రాయమంటే, రెండు వైపులా ఉన్న శాటిలైట్ ద్రవ్యరాశిని తనే పెన్సిల్‌తో కొట్టేసింది, ఇక వేగాన్ని తేల్చడానికి మిగిలింది భూమి ద్రవ్యరాశి, భూకేంద్రం నుంచి దూరం. ఈ దూరమంటే ఎత్తు ఒక్కటే కాదు, భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు కూడా కలపాలి.

అంటే 400 కిలోమీటర్ల ఎత్తులో 400 టన్నులు దాటిన అంతరిక్ష కేంద్రమైనా, అక్కడే తిరిగే క్యూబ్‌శాట్ అనే బుల్లి డబ్బా లాంటి శాటిలైటైనా సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్లే! 35,786 కిలోమీటర్ల ఎత్తున భూస్థిర కక్ష్యలో (శాటిలైట్ భూమితో పాటే తిరుగుతూ ఒకేచోట ఉన్నట్టు కనిపించే కక్ష్య) అయితే 3.07 చాలు. బరువుతో తంటా అంతా శ్రీహరికోటలో రాకెట్‌కే.

ఇప్పుడు పాప కొత్త డౌట్: పైన వేగం తక్కువే కదా, మరి అక్కడికి చేర్చడానికి ఇంధనం ఎందుకు ఎక్కువ? స్థితిశక్తి (ఎత్తుకు చేర్చడం వల్ల వచ్చే శక్తి) లెక్క వేయిస్తున్నా.