సమస్య: వదలి వచ్చి పురము వలచె నతడు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్యాపూరణకు ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇస్తున్నాం, పై మూడు పాదాలు మీరు పూరించాలి.

*వదలి వచ్చి పురము వలచె నతడు*

వదలి, వచ్చి, పురము, వలచె, నతడు: ఐదూ సూర్యగణాలే, అంటే గురువు–లఘువు (గలం లేదా హ) గానీ మూడు లఘువులు (నగణం) గానీ. సరి పాదాలకు ఐదూ ఇవే. బేసి పాదాలకు మూడు సూర్యగణాలు, ఆపై రెండు ఇంద్రగణాలు (భ, ర, త, నల, నగ, సల). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండే మైత్రి, వ–వ. వదిలేసి వచ్చినదాన్నే వలచాడని వినిపించడమే ఇందులోని చిక్కు. చూడండి, "వదలి"కి కర్మ ఇవ్వలేదు. మూడో పాదం చివర దేన్ని వదిలాడో చెప్తే సమస్య విడిపోతుంది. ఆ విప్పడం మరీ సులువైపోకూడదు. నగరం మీద మోజు ఎందుకు పుట్టిందో, ఎందుకు పోయిందో పద్యంలో కనబడాలి.

లంకగాలి:
పచ్చ చేల సీమ పైరుగాలిని వీడి
కొలువు కొరకు రైలు కూత వినుచు
అద్దె గదియె చాలు నన్నట్లు పల్లెను
వదలి వచ్చి పురము వలచె నతడు

నిర్వాహకుడు:
గణాలు, యతులు సరిపోయాయి. పునరుక్తి దోషం ఉంది: మొదట "పైరుగాలిని వీడి", మళ్లీ "పల్లెను వదలి". ఒకసారి వీడినవాడు రెండోసారి వదలడం దేనికి? మొదటి పాదం "పచ్చ చేల నడుమ పాతికేండ్లు పెరిగి" అని మారిస్తే యతి ప–పా నిలుస్తుంది. చివర పాతికేం (ర), డ్లు పెరిగి (నల) అవుతాయి. ఇకపోతే పల్లె వదిలి పట్నం వలవడం అందరికీ తట్టే దారే. అద్దె గది ఎందుకు చాలిందో చెప్పలేదు.

కొబ్బరాకు:
కోనసీమ చేరి కొబ్బరి నీడలో
చీకటైన వేళ చింత కలిగి
నడిమి రాత్రి కైన నారని వీధుల
వదలి వచ్చి పురము వలచె నతడు

నిర్వాహకుడు:
దారి మంచిది. ఊరు చేరాకే నగరం మీద బెంగ పుట్టింది. రెండు తప్పులున్నాయి. చీకట్లో నీడ ఎక్కడిదండీ? "కొబ్బరి తోటలో" అంటే ర గణం అలాగే ఉంటుంది. రెండోది యతి. "కైనన్ + ఆరని" కలిసి "కైన నారని" అయింది. కంటికి "నా" కనిపించినా యతి చెల్లేది "ఆ"కే. పాదం "న"తో మొదలుపెడితే తప్పుతుంది. "యర్ధరాత్రి కైన నారని వీధుల" అనండి. "కలిగి" క్త్వార్థకం ("చేసి, వచ్చి" లాంటి అసమాపక క్రియ) కనుక సంధి లేదు, యడాగమం వస్తుంది (నడుమ "య్" చేరుతుంది), అ–ఆ యతి కుదురుతుంది. ఆరనివి వీధులు కావు, దీపాలు. అంతమాత్రం లాక్షణికం చెల్లనిద్దాం.

కాలవగట్టు:
నల్ల విప్పినంత నగరాన పారెడు
తీపి గోదావరి తేట తెలిసి
వరద గట్టు మీద వలపోత లన్నియు
వదలి వచ్చి పురము వలచె నతడు

నిర్వాహకుడు:
ఆయ్, ఇదండీ పూరణంటే! వదిలింది ఊరినీ కాదు, పట్నాన్నీ కాదు, గట్టు మీద కూర్చుని పడ్డ వలపోతల్ని. వస్తువు కూడా నిజమైనదే. 2015 నుంచి శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు దగ్గర తోడిన గోదావరి నీళ్లు పైపుల్లో హైదరాబాదు చేరుతున్నాయి. మన ధవళేశ్వరం ఆనకట్టకు ఎంతో ఎగువన ఎత్తుకుపోయిన నీళ్లవి. ఏటి ఒడ్డు వదిలినవాడికి నగరంలోనూ ఆ ఏరే దొరికింది.

కానీ రెండో పాదం విరిగింది. తీపి (హ) సరే. "గోదా" రెండు గురువులు. సూర్యగణంలో గలమో నగణమో తప్ప మరొకటి పట్టదు. "గోదావరి" ఆటవెలది సరి పాదాల్లో ఎక్కడా ఇమడదు. బేసి పాదంలో నాలుగో గణం నుంచే చోటు: "పొంగు గోదావరి" (ర, భ) లాగా.

హైదరాబాదుకూ ఇదే తిప్పలు. "హైద" సూర్యగణమే, తర్వాత "రాబా" అడ్డం. మూడో గణంగా హైద, నాలుగో గణంగా రాబాదు (త) పెట్టవచ్చు, అప్పుడు యతి "రా"కు చూసుకోవాలి. లేదా నాలుగు, ఐదు గణాలుగా "హైదరాబాదులో" (ర, ర). సికింద్రాబాదు లఘువు, గురువుతో మొదలవుతుంది. ఏ సూర్యేంద్రగణమూ అలా మొదలవదు. ముందొక గురువు చేర్చి "ఆ సికింద్రాబాదు" అంటే ర, త గణాలు. రాజమండ్రి, కాకినాడ, భాగ్యనగరి మాత్రం ఏ పాదంలోనైనా పడతాయి. అందుకే పద్యాల్లో భాగ్యనగరి అంత తరచు.

"నల్లా"ను (కుళాయిని) కుదించి "నల్ల" అన్నారు, మురికినీళ్లనుకునే ప్రమాదముంది. ఉంచవచ్చు, తర్వాత "తేట" ఉంది కాబట్టి. మొదటి రెండు పాదాలు ఇలా చూడండి:

నల్ల విప్పినంత నగరిలో గోదారి
నీరె వచ్చు ననుచు నిజము తెలిసి

"గోదారి" త గణం, చక్కగా కూర్చుంది. అయితే "తేట" పోయింది కనుక నల్ల నీళ్ల ప్రమాదం తిరిగొచ్చింది!

కాలవగట్టు:
"నగరిలో గౌతమి" అంటే? భ గణం సరిపోతుందిగా.

నిర్వాహకుడు:
సరిపోతుంది. పురాణార్థంలో గౌతమి నది మొత్తానికీ పేరే. కానీ డెల్టావాళ్లం మనం గౌతమి అంటే ధవళేశ్వరం దిగువన ఎడమ పాయే గుర్తొస్తుంది. ఎల్లంపల్లిలో పాయలు లేవు. "గోదారి"యే ఉంచండి.

ఎదురీత:
కడలి నున్న యిలస గౌతమి వరదలో
పులస యగుచు నెదురు పోవునట్లు
పుట్టినట్టి లంక పొలిమేర గట్టును
వదలి వచ్చి పురము వలచె నతడు

నిర్వాహకుడు:
సముద్రంలో ఇలస, ఎర్రనీటికి ఎదురెక్కితే పులస. చోటు మారితే రుచీ పేరూ మారినట్టు లంకవాడు పట్నంలో మారాడన్నమాట. కానీ ఉపమానం (చేప) పోతుంటే ఉపమేయం (మనిషి) వస్తోంది. "పోవు" తీసి "పోరునట్లు" అంటే ఒక్క అక్షరంతో సర్దుకుంటుంది, పు–పో యతి పోదు. పులస గుడ్లు పెట్టి మళ్లీ కడలికే మళ్లుతుంది. మీవాడూ మళ్లుతాడన్న సూచన వచ్చేసింది. మీరు ఉద్దేశించకపోయినా మేలే.

నిద్రగన్నేరు:
మోక్షపథము మరచి మోహాన జీవుడు
తొమ్మిదైన తలుపు దోవలున్న
మేను జూచి మురిసి మిన్నేటి తీరము
వదలి వచ్చి పురము వలచె నతడు

నిర్వాహకుడు:
పురమంటే శరీరం. గీత ఐదో అధ్యాయం 13వ శ్లోకంలోని నవద్వారపురమే. గణాలు, యతులు సరి. "తలుపు దోవలు" అతకలేదు. "ద్వారములు" పెడదామంటే తొ–ద్వా యతికి హల్లు కుదిరినా అచ్చు కుదరదు. తొ–దో కోసం పడ్డ పాట్లు తెలుస్తున్నాయి. రెండో పాదం "మేను"తోనో "నవము"తోనో ఎత్తుకుని మళ్లీ ప్రయత్నించండి. ఆదివారం రాత్రి దాకా సవరణలు తీసుకుంటాం.