చిన్న ఊరి అపరాధ పరిశోధన నవలలో హాస్యం ఎక్కడ రావాలి?

నేను రాస్తున్న నవల ఒక చిన్న ఊరిలో జరిగిన హత్య చుట్టూ తిరుగుతుంది. పరిశోధించేది పోలీసులు కాదు, ఆ ఊరి గ్రంథాలయాధికారిణి. రాతప్రతి చదివినవారిలో కొందరు ఆమెకూ పశువైద్యుడికీ మధ్య మొలకెత్తే ప్రేమ కోసమే పేజీలు తిప్పామన్నారు. మరికొందరు సరిగ్గా ఆ ఘట్టాల దగ్గరే విసుగొచ్చిందన్నారు. హాస్యం విషయంలో మాత్రం అందరి అభ్యంతరమూ ఒక్కటే: మూడో అధ్యాయంలో, శవం దొరికిన రెండు పేజీలకే, పోస్టుమాస్టరు పోయిన తన గొడుగు గురించి రాద్ధాంతం చేసే సన్నివేశం.

దాన్ని తీసేసి చూశాను. హంతకుణ్ణి పట్టించే ఆధారం ఆ గొడుగే కావడం వల్ల, పాఠకుడు నవ్వుతుండగా దాన్ని అతడి కళ్ల ముందు నుంచే దాటించాలన్న ఎత్తుగడ కూడా దెబ్బతింది. శవం దొరకడానికి ముందుకు జరిపితే, ముగింపు నాటికి గొడుగు సంగతి ఎవరికీ గుర్తులేదు. ప్రేమ ఘట్టాలను కుదిస్తే, అనుమానితుల్లో పశువైద్యుడూ ఉన్నాడన్న ఉత్కంఠ చప్పబడింది. 1928లో అమెరికన్ అపరాధ పరిశోధన నవలా రచయిత వాన్ డైన్ ప్రకటించిన ఇరవై నియమాల్లో మూడోది ఇటువంటి కథల్లో ప్రేమ వ్యవహారమే వద్దంటుంది కానీ, దాన్ని పాటించే ఉద్దేశం నాకు లేదు. ప్రేమకథను ఉన్నది ఉన్నట్టే ఉంచుతాను.

మిగిలింది గొడుగు సన్నివేశమే. శవం దొరికిన తర్వాత ఎంత వ్యవధిలో హాస్యం వస్తే పాఠకులుగా మీకు ఎబ్బెట్టుగా అనిపించదు: అదే అధ్యాయం చివరనా, తర్వాతి అధ్యాయంలోనా, లేక మొదటి అనుమానితుడి విచారణ ముగిశాకనా?