ఇమేజిజం అంటే పొట్టి కవితలేనా? పౌండ్ మెట్రో కవిత మీద సందేహం

స్రవంతి_ఎంఏ:
అందరికీ నమస్కారం అండీ. ఎంఏ ఇంగ్లిష్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే వారం ఇమేజిజం (ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లిష్ కవిత్వంలో వచ్చిన ఉద్యమం) మీద సెమినార్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది. అమెరికన్ కవి ఎజ్రా పౌండ్ రాసిన ‘ఇన్ ఎ స్టేషన్ ఆఫ్ ద మెట్రో’ దగ్గరే ఆగిపోయాను. రెండే పాదాలు. గుంపులో కనిపించిన ముఖాలు, తడిసిన నల్లటి కొమ్మ మీద పూరేకులు. అంతే. గైడులో ‘ముఖాలను రేకులతో పోల్చాడు’ అని రాసి వదిలేశారు. పోలికే అయితే మనకు ఉపమలు తక్కువా? ఇందులో కొత్తేమిటి? పొట్టిగా రాస్తే ఇమేజిజం అయిపోతుందా?

బెజవాడ_రీడర్:
పరీక్షకైతే ఇమేజిస్టుల మూడు సూత్రాలు గుర్తుపెట్టుకోండి. 1913 మార్చి ‘పొయెట్రీ’ పత్రికలో ఎఫ్.ఎస్. ఫ్లింట్ పేరుతో వచ్చాయి. వస్తువును సూటిగా చూపించాలి, పనికిరాని మాట ఒక్కటీ ఉండకూడదు, లయ సంగీతంలా సాగాలి తప్ప మెట్రోనోమ్ (తాళం వేసే యంత్రం) కొట్టినట్టు కాదు.

పాత_లెక్చరర్:
అమ్మా స్రవంతీ, గైడు పక్కన పెట్టి ఆ కవిత మొదట అచ్చయిన తీరు చూడు. 1913 ఏప్రిల్‌లో షికాగో ‘పొయెట్రీ’లో వచ్చింది. పదబంధాల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు వదిలారు. ఒక ముక్క చదివి ఆగి, తర్వాతి ముక్కకు వెళ్లాలి. మొదటి పాదం చివర కోలన్ ఉంది, తర్వాతి ముద్రణల్లో అది సెమికోలన్ అయింది. కవిత మొత్తం ఆ చిన్న గుర్తు మీదే నిలబడింది. ‘లాగా’ అనే మాట లేదు, క్రియ కూడా లేదు. ఉపమలో ఉపమానం వచ్చేది ఉపమేయం కోసం. ఇక్కడ ముఖాలు అసలువి, రేకులు వాటికి అలంకారం అని ఎవరు చెప్పారు? రెండూ పక్కపక్కన పడ్డాయి, కలుపుకోవాల్సింది నువ్వే. ఇక శీర్షిక తీసేసి చదువు. స్టేషనే ఉండదు! అందుకే శీర్షికను కూడా ఒక పాదంగానే లెక్కపెట్టమని మా పిల్లలకు చెప్పేవాణ్ణి.

పొట్టితనం సంగతి పౌండే 1914లో ఒక వ్యాసంలో రాశాడు. పారిస్‌లో లా కాంకోర్డ్ స్టేషన్లో రైలు దిగి, వరసగా కొన్ని అందమైన ముఖాలు చూశాడు. ముందు 30 పాదాలు రాసి, నచ్చక నాశనం చేశాడు. ఆరు నెలలకు అందులో సగం నిడివితో మళ్లీ రాశాడు. ఇంకో ఏడాదికి గాని, జపాన్ హొక్కు (ఇప్పుడు మనం హైకూ అనే పొట్టి కవిత) పద్ధతిలో ఈ ఒక్క వాక్యం కుదరలేదు. ఆ ముఖాలు చూసిన క్షణం మిగిలి, దాని చుట్టూ ఉన్న వివరణంతా పోయేదాకా కోశాడన్నమాట. పొట్టితనం ఆ కోతవల్ల వచ్చింది.

నన్నడిగితే ఇంతకన్నా గట్టి కవిత అమెరికన్ కవయిత్రి హెచ్.డి. (హిల్డా డూలిటిల్) రాసిన ‘ఓరియడ్’. ఓరియడ్ అంటే గ్రీకు కథల్లో కొండల్లో ఉండే దేవకన్య. కవితలో ఎవరో సముద్రాన్ని ఆజ్ఞాపిస్తుంటారు: లే, నీ మొనదేలిన పైన్ చెట్లను సుడి తిప్పు, మా బండల మీద విసిరికొట్టు, నీ ఫర్ చెట్ల మడుగులతో మమ్మల్ని కప్పెయ్. అలలు చెట్లలా ఉన్నాయని ఒక్క చోటా అనదు. కొండల్లో పుట్టిన ప్రాణికి అల కూడా చెట్టుగానే కనిపిస్తోందా, లేక గాలికి ఊగే అడవినే సముద్రం అంటోందా? క్లాసులో ఏటా దీని మీద వాదన జరిగేది. ఏ పక్షమూ గెలిచేది కాదు, నాకది ఎంతో ఇష్టంగా ఉండేది. ఆరు పాదాల్లో మాట్లాడేవాళ్ల స్వభావమంతా వచ్చేసింది, ఒక్క విశేషణంతో వర్ణించకుండానే.

జెర్సీ_తెలుగు:
మాస్టారూ, చాలా బాగా చెప్పారు. మా న్యూజెర్సీ కవి విలియం కార్లోస్ విలియమ్స్‌ని కూడా చేర్చాలండీ. రూథర్‌ఫర్డ్‌లో డాక్టరు ఆయన. ఎర్ర తోపుడుబండి కవితలో ఉన్నవి 16 మాటలే. ప్రతి చరణంలో పైపాదానికి మూడు మాటలు, కింద ఒక్కటి. తోపుడుబండి అనే అర్థమున్న ‘వీల్‌బారో’ మాటను కూడా రెండుగా విరిచి ‘బారో’ని కింది పాదంలో వేశాడు. దాంతో రోజూ చూసే బండినే ఒక్కో భాగంగా చూడాల్సి వస్తుంది.

స్రవంతి_ఎంఏ:
మాస్టారూ, థాంక్యూ అండీ. ఇప్పుడు ధైర్యం వచ్చింది. విలియమ్స్‌ని ఇమేజిస్టు అనే రాయొచ్చా?

పాత_లెక్చరర్:
రాయొచ్చమ్మా, తేదీలు మాత్రం విడిగా చెప్పు. 1914లో పౌండ్ వేసిన తొలి సంకలనంలో ఆయన కవిత ఉంది. తోపుడుబండి 1923ది, అప్పటికి ఉద్యమం ముగిసిపోయింది. ఇంకొక్క మాట. పౌండ్ ఇమేజిజానికి ఆవిడ పేరు కలిపి ‘ఎమీజిజం’ అని వెక్కిరించాడని, అమెరికన్ కవయిత్రి ఎమీ లోవెల్‌ని ఒక్క వాక్యంతో దాటేయకు. 1915 నుంచి 1917 దాకా ఏటా ఒక సంకలనం తెచ్చింది ఆవిడే. ఎవరి కవితలు వాళ్లే ఎంచుకున్నారు, పేర్లు అక్షరక్రమంలో వేశారు. ఒక్కరి పెత్తనం లేకుండా కవులు కలిసి పుస్తకం వేసుకోవడం చిన్న విషయం కాదు. సెమినార్‌లో ఆవిడకు కనీసం ఐదు నిమిషాలు ఇవ్వు.