న్యూజిలాండ్‌లో మాదిరిగా మూసీ పరీవాహకానికంతటికీ ఒకే బాధ్యత గల సంస్థ ఉండాలా?

ప్రశ్న (ఉప్పల్, హైదరాబాద్)

న్యూజిలాండ్‌లో 1989లో స్థానిక పాలనను పునర్వ్యవస్థీకరించినప్పుడు ప్రాంతీయ మండళ్ల సరిహద్దులను చాలావరకు నదీ పరీవాహక ప్రాంతాలను బట్టే గీశారు. 1991 నాటి వనరుల నిర్వహణ చట్టం కింద పెద్ద మొత్తంలో నీరు తోడుకోవడానికీ, వ్యర్థజలాన్ని వదలడానికీ అనుమతులిచ్చేదీ, ఆ నీటి నాణ్యతను కొలిచేదీ ఆ మండలే. అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మన మూసీ విషయానికొస్తే జలమండలి, నీటిపారుదల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి, భూగర్భ జల శాఖ, వ్యవసాయ శాఖ ఎవరి పరిధిలో వారు పనిచేస్తున్నారు. నగరం దాటాక ఈ నీటితోనే వరి, పశుగ్రాసం, ఆకుకూరలు పండుతున్నాయి. అక్కడి పద్ధతి మనకు ఎంతవరకు పనికొస్తుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1

అక్కడి ప్రధాన సమస్య పాడిపశువుల మూత్రం నుంచీ ఎరువుల నుంచీ భూగర్భంలోకి దిగే నత్రజని. అందుకే 2021 జూలై నుంచి పచ్చిక భూముల్లో హెక్టారుకు ఏడాదికి 190 కిలోలకు మించి కృత్రిమ నత్రజని వేయకూడదన్న పరిమితి తెచ్చారు. పాడి రైతులు తాము వేసిన లెక్కను ఏటా ప్రాంతీయ మండలికి సమర్పించాలి. మన కొలతలో అది ఎకరాకు దాదాపు 77 కిలోల నత్రజని, అంటే 45 కిలోల యూరియా బస్తాలు మూడున్నరకు పైనే, కాబట్టి అదేమీ మరీ కఠినమైన పరిమితి కాదు. టౌపో సరస్సు పరీవాహకంలో వైకాటో ప్రాంతీయ మండలి ఇంకా ముందుకు వెళ్లి, ఒక్కో పొలం నుంచి ఎంత నత్రజని వెలువడవచ్చో నిర్ణయించి, మొత్తం మీద 20 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. అయినా దశాబ్దాల కిందట భూమిలోకి ఇంకిన నత్రజని ఇప్పటికీ ఊటల ద్వారా సరస్సుకు చేరుతూనే ఉంది. ఈ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఫలితాలు అడగడం న్యాయం కాదు.

సమాధానం 2 (మూసీ కాలువ కింద రైతు)

అయ్యా, మా దగ్గర పరిస్థితి వేరు. కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) దగ్గర నుంచి కాలువలోకి మళ్లిన నీటిలోనే కావలసినంత నత్రజని ఉంటుంది. యూరియా తగ్గించుకున్నా వరి ఏపుగా పెరుగుతుంది, కానీ గింజ పాలు పోసుకునే వేళకు పైరు పడిపోతుంది, తాలు ఎక్కువవుతుంది. ఎకరాకు ఎన్ని బస్తాలు వేశావని నన్ను లెక్క అడగడం మొదలుపెడితే, కాలువలో వచ్చిన దాన్ని ఎవరి ఖాతాలో రాస్తారు? ముందు నీరు వదిలేవారి లెక్క తేల్చి, ఆ తర్వాత మా దగ్గరికి రావాలని మనవి.

సమాధానం 3 (నీటి పరీక్షల పని తెలిసినవారు)

రైతు గారి మాట చాలా ముఖ్యమైనది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో స్నానానికి తగిన నీటికి లీటరుకు 5 మిల్లీగ్రాముల కరిగిన ఆక్సిజన్ ఉండాలని, మురుగు కలిసిందని సూచించే కోలిఫాం బ్యాక్టీరియా పరిమితికి లోబడి ఉండాలని చెప్పారు. సాగునీటి తరగతికి వచ్చేసరికి మాత్రం పీహెచ్, విద్యుద్వాహకత (నీటిలో లవణాలు ఎంత ఉన్నాయో తెలిపేది), సోడియం నిష్పత్తి, బోరాన్ మాత్రమే అడుగుతారు. నత్రజనీ లేదు, కోలిఫామూ లేదు. అంటే మీ వరిని పడగొడుతున్న పదార్థం ఆ తరగతి కొలమానంలోనే లేదు.

కొలిచే తీరు కూడా మారాలి. కరిగిన ఆక్సిజన్‌ను సీసాలో చూసేటప్పుడు గాలిబుడగ లేకుండా నింపి, ఒడ్డునే మాంగనీస్ సల్ఫేటు, క్షార అయోడైడు కలుపుతారు. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. నాచు, నీటి మొక్కలు ఉన్న చోట తెల్లవారకముందు ఆక్సిజన్ బాగా పడిపోయి మధ్యాహ్నానికి పెరుగుతుంది. కాబట్టి పట్టపగలు ఎండలో తీసిన ఒక్క నమూనా మీద నది ఆరోగ్యాన్ని తేల్చకూడదు.

సమాధానం 4

ఒకే సంస్థ అనగానే అన్నీ చక్కబడవు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ ప్రాంతంలో నీటి నిర్వహణ సరిగా లేదంటూ 2010లో అక్కడి ప్రభుత్వం ఎన్నికైన మండలి సభ్యులను తొలగించి కమిషనర్లను నియమించింది; పూర్తి స్థాయి ఎన్నికైన మండలి తిరిగి వచ్చింది 2019లోనే. పరీవాహకానికి ఒక సంస్థ ఉండాలన్న దానితో నేను ఏకీభవిస్తాను, కానీ అందులో దిగువ గ్రామాల రైతులకు ఓటు ఉండాలి, అనుమతి పొందినవారే పరీక్షల ఖర్చు భరించాలి, ఫలితాలు ప్రతి కత్వ దగ్గరా తెలుగులో ప్రకటించాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. సాగునీటి కొలమానంలో నత్రజని, కోలిఫాం చేర్చాలని కాలుష్య నియంత్రణ మండలికి వినతిపత్రం రాయడం మొదలుపెట్టాను. కాలువ కింద సాగు చేస్తున్నవారు గత రెండు పంటల్లో యూరియా వాడకం, పైరు పడిపోయిన విస్తీర్ణం రాసి పంపితే దానికి జతచేస్తాను.