ఆస్పత్రి ఫైలు ఉండగా బాలింతకు ప్రశ్నావళి ఎందుకు?

నిద్రలేని అమ్మ:
కాన్పయి మూడు నెలలు కావస్తోంది. తల్లీబిడ్డల ఆరోగ్యాన్ని మెరుగుపరచడానికట, ఇంటికి ఒక ప్రశ్నావళి పంపారు. చేతిలో పట్టుకుంటే చిన్న పుస్తకమే. గర్భం ఎప్పుడు రావాలనుకున్నారు, సిగరెట్టు తాగారా, ఇంట్లో ఎవరైనా కొట్టారా, బిడ్డను ఎలా పడుకోబెడుతున్నారు... నా రక్తపోటు, బిడ్డ బరువు, ఎన్ని కుట్లు పడ్డాయో సహా అన్నీ ఆస్పత్రి ఫైలులో ఉన్నాయి. అది చూసుకోకుండా బాలింత ప్రాణం తోడేయడం దేనికి? ఇలాంటి సర్వేలు దండగని నా అభిప్రాయం. కాదనేవారు ఎందుకో చెప్పండి.

అంకెల మనిషి:
నేను కాదంటాను. మీకు ఏం చేశారో ఫైలులో ఉంటుంది. మీరేం చేశారో, మీకేమనిపించిందో ఉండదు. బిడ్డ మెదడుగా, వెన్నుపాముగా ఎదిగే నాడీనాళం గర్భం నిలిచిన సుమారు 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే ఖాయంగా తెలియదు. అది సరిగా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ అందవలసింది ఆ రోజుల్లో, ఇంకా చెప్పాలంటే అంతకు ముందునుంచే. ఆస్పత్రిలో ఫైలు తెరిచేసరికి ఆ గడువు దాటిపోతుంది. గర్భానికి ముందు నెలలో విటమిన్ మాత్రలు వేసుకున్నారా అన్నది మిమ్మల్ని కాక ఎవరిని అడగాలి?

ఇక పడక సంగతి. అమెరికాలో ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 1987లో ప్రామ్స్ అనే సర్వే మొదలుపెట్టింది. జనన నమోదుల నుంచి కొందరు తల్లులను ఎంచుకుని, కాన్పయిన రెండు నుంచి ఆరు నెలల మధ్య ఉత్తరం రాయడం, జవాబు రాకపోతే ఫోను చేయడం దాని పద్ధతి. బిడ్డను ఎలా పడుకోబెడుతున్నారన్నది అందులో ఒక ప్రశ్న. వెల్లకిలా పడుకోబెట్టమని అక్కడ 1994లో పెద్ద ప్రచారం మొదలైంది. ఆ దశాబ్దంలో నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసికందుల రేటు దాదాపు సగానికి పడిపోయింది. ఆ మాట ఏ ఇళ్లకు చేరిందో, ఏ ఇళ్లకు చేరలేదో తల్లి చెబితేనే తెలుస్తుంది.

సందేహి:
ఆ తగ్గుదలనంతా ప్రచారం ఖాతాలో వేయకండి. తర్వాతి కాలంలో అలాంటి మరణాలు కొన్నింటిని ఊపిరాడకపోవడమనీ, కారణం తెలియదనీ వేరుగా రాయడం పెరిగింది. సరే, నా అసలు అభ్యంతరం అది కాదు. జవాబిచ్చేది ఎవరు? తీరిక ఉన్నవారు, చదువుకున్నవారు, చిరునామా మారనివారు. పురిటిలో పోయిన తల్లి ఏ ప్రశ్నావళీ నింపదు. ఎవరి గురించి ఎక్కువ భయపడాలో వాళ్లే ఈ లెక్కలో ఉండరు.

అంకెల మనిషి:
మొదటిదానికి ఒప్పుకుంటున్నాను. రెండోదానికి, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల తల్లుల్లాంటి వారిని నమూనాలోకి ఎక్కువగా తీసుకుంటారు, జవాబులు తక్కువ వచ్చిన వర్గాలకు లెక్కలో ఎక్కువ విలువ ఇచ్చి తూకం వేస్తారు. తల్లి మరణాల విచారణ వేరే పని. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1952 నుంచే వాటిని గోప్యంగా పరిశీలించే ఏర్పాటు ఉంది.

సందేహి:
తూకం వేస్తే మాత్రం? జవాబివ్వని పద్దెనిమిదేళ్ల తల్లి, జవాబిచ్చిన పద్దెనిమిదేళ్ల తల్లిలాగే ఉంటుందని మీరు అనుకుంటున్నారు. ఒకామె ఫోను భర్త చేతిలో ఉంటే?

పురిటిగది నర్సు:
నా ఉద్యోగమంతా బాలింతలను అడగడమే. మంచం పక్కన నిలబడి "మనసెలా ఉంది" అంటే బాగానే ఉందంటారు. కాగితం మీద అదే మనిషి వేరేలా రాయడం చూశాను. సిగరెట్టు సంగతి మాత్రం కాగితం మీదా తగ్గించే రాస్తారు. రక్త, మూత్ర పరీక్షలతో పోల్చిన చోట అది బయటపడింది. కాన్పు ఎలా అయిందో, బిడ్డ బరువెంతో అడగండి, చాలాకాలం తర్వాత కూడా చెబుతారు. రక్తం ఎంత పోయిందని మాత్రం అడగకండి.

నా భయం ఒక్క ప్రశ్న గురించి. కాన్పు తర్వాతి కుంగుబాటును గుర్తించడానికి 1987లో వచ్చిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి. పదోది, తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచన వచ్చిందా అని. ఎదురుగా కూర్చుని అడిగినప్పుడు అవునంటే ఆమెను ఆ పూట ఒంటరిగా వదలం. అదే ప్రశ్న పేరు లేని సర్వేలో వెళ్తే? జవాబు కవరులో పడి, ఎప్పటికో ఒక శాతంగా బయటికి వస్తుంది. అడిగి ఊరుకోవడం నాకు తప్పుగా తోస్తుంది.

రెండో కాన్పు తల్లి:
నా మొదటి బిడ్డ పదకొండు రోజులు బతికింది. రెండు నెలలకు ఒక సర్వే వచ్చింది. ఎవరు పంపారన్నది ఇక్కడ వద్దు. మొదటి మాటే "శుభాకాంక్షలు". తర్వాత, పాలు ఎన్నిసార్లు పడుతున్నారు, టీకాలు వేయించారా. చించేశాను. ప్రామ్స్‌లో బిడ్డ ఇప్పుడు బతికి ఉందా అని అడుగుతారనీ, లేదంటే విచారం తెలుపుతారనీ తర్వాత తెలిసింది. ఆ ఒక్క వాక్యం ఉంటే నేను రాసేదాన్ని. రాయడానికి నా దగ్గర చాలా ఉంది. నాకు జ్వరం తగ్గడం లేదని మూడుసార్లు చెప్పాను. ఏ ఫైలులోనూ అది లేదు. వినని మాటను ఎవరు నమోదు చేస్తారు? సర్వే వద్దనకండి. ఇలా అడగవద్దనండి.

నిద్రలేని అమ్మ:
మీ మాట చదివాక రాత్రి ఆ పుస్తకం తీశాను. సగం ప్రశ్నలు ఇప్పటికీ దండగగానే కనిపిస్తున్నాయి. ఆదాయం ఎంతన్నది ఖాళీగా వదిలేశాను. ఆస్పత్రిలో మీ మాట విన్నారా అన్నచోట ఇచ్చిన గీతలు చాలక అంచుల్లో కూడా రాశాను. నర్సుగారు చెప్పిన పదో ప్రశ్న ఇందులోనూ ఉంది. దాని కింద ఫోను నంబరేదైనా ఇచ్చారేమోనని వెతికాను. చివరి అట్ట లోపలివైపు, చిన్న అక్షరాల్లో ఉంది.