ఒడిస్సీని ఉన్నదున్నట్టు తెరకెక్కించడం కుదిరే పనేనా?

పాతరీలు:
ట్రాయ్ యుద్ధం ముగిశాక ఒడిస్సియస్ అనే వీరుడు ఇల్లు చేరడానికి పడ్డ పాట్ల మీద ప్రాచీన గ్రీకు కవి హోమర్ చెప్పిన కావ్యం ఒడిస్సీ. దాని 24 సర్గలూ ఈమధ్యే ఇంగ్లీషు అనువాదంలో పూర్తిచేశాను. అంతకుముందు నాకు హోమర్ అంటే 2004లో వచ్చిన ట్రాయ్ సినిమానే. అందులో హెలెన్ మొగుడు, స్పార్టా రాజు మెనెలాస్‌ని ట్రాయ్ యువరాజు హెక్టర్ చంపేస్తాడు. తీరా ఇక్కడ చూస్తే అదే మెనెలాస్ స్పార్టాలో హెలెన్‌తో హాయిగా కాపురం చేసుకుంటూ, ఇంటికొచ్చిన ఒడిస్సియస్ కొడుకు టెలిమకస్‌కి విందు పెడుతున్నాడు! ఇలాంటి మార్పులేవీ లేకుండా తీయాలంటే అసలు అడ్డేంటి? నిడివేనా? అయితే వెబ్ సిరీస్ తీసేస్తే సరిపోతుంది కదా.

గుండ్రాయి:
నిడివే. 12 వేల పైచిలుకు పంక్తులు, రెండున్నర గంటల్లో ఏం పడతాయి? 1968లో ఇటలీ టీవీవాళ్లు భాగాలుగా తీశారు. ఒడిస్సియస్ భార్య పెనెలొపీగా ఐరీన్ పపాస్ వేసింది. కొడుకు తండ్రి జాడ కోసం బయల్దేరే ఘట్టం కూడా వదల్లేదు.

తెరవెనక:
నిడివి సంగతి తర్వాత చూద్దామండీ. అసలు చిక్కు కథ ఎవరు చెబుతున్నారన్న దగ్గరుంది.

మొదటి నాలుగు సర్గల్లో హీరో ఒడిస్సియస్ మొహమే కనపడదు. ఐదోదాంట్లో కనపడేసరికి కలిప్సో అనే దేవత దీవి ఒడ్డున కూర్చుని ఏడుస్తుంటాడు. మనందరికీ తెలిసిన ఒంటికన్ను రాక్షసుడు, మంత్రగత్తె సర్సీ, చచ్చినవాళ్ల లోకం, ఇవన్నీ 9 నుంచి 12 సర్గల దాకా ఆయనే, తనకు ఆశ్రయమిచ్చిన ఫియేషియన్లనే జనం రాజు కొలువులో చెప్పుకున్నవి. వెంట ఉన్నవాళ్లంతా పోయారు, సాక్షి ఒక్కడూ లేడు. 11లో కథ మంచి పట్టుమీదుండగా టక్కున ఆపేసి, ఇక పడుకునే వేళైంది అంటాడు. కొలువంతా నోట మాటలేకుండా ఉండిపోతుంది. రాణి ఆరెటె ఇతనికి ఇంకా కానుకలివ్వాలంటుంది. రాజు రేపటిదాకా ఆగమంటాడు. మనవాడేమో కానుకలు బాగా ఇస్తే ఏడాదైనా ఉంటానంటాడు! ఆ తర్వాతే మిగతా కథ. హరిదాసుగారు రసపట్టులో ఆపి పళ్లెం తిప్పించినట్టు.

సొంత దీవి ఇథాకా చేరాక ఎథీనా దేవతకి ఒక అబద్ధం, పందుల కాపరి యుమయస్‌కి ఇంకొకటి, సొంత పెళ్లానికి మరొకటి. ముగ్గురి దగ్గరా తనది క్రీట్ దీవి అనే అంటాడు. ఇలాంటి మనిషి చెప్పిన రాక్షసుణ్ణి గ్రాఫిక్స్‌లో నేరుగా చూపించారంటే, ప్రేక్షకుడికి అది జరిగిపోయినట్టే లెక్క. నేనైతే వింటున్నవాళ్ల మొహాల మీదికి కెమెరాని మళ్లీ మళ్లీ తెస్తాను.

గుండ్రాయి:
మొదటి సర్గలో దేవతల రాజు జ్యూసే అంటాడు కదా, రాక్షసుడి కన్ను పోగొట్టాడని వాడి తండ్రి, సముద్ర దేవుడు పొసైడన్ పగబట్టాడని? మరి అబద్ధమెలా అవుతుంది?

తెరవెనక:
కన్ను పోయిన మాట నిజమే. గుహలో ఎవరు ఎంత ధైర్యంగా ఉన్నారో చెప్పింది మాత్రం ఈయనే.

వేసవిమల్లె:
మీరంతా మాటకారితనం దగ్గరే ఆగిపోయారు. 22వ సర్గ ఎవరు తీస్తారు? పెనెలొపీని పెళ్లాడతామని ఇంట్లో తిష్ఠవేసినవాళ్లందరినీ చంపాక, వాళ్లతో పడుకున్నారని 12 మంది దాసీలను పిలిపిస్తారు. ముందు వాళ్లచేతే శవాలు మోయించి, నెత్తురంటిన బల్లలూ కుర్చీలూ కడిగిస్తారు. ఆ తర్వాత ఉరి. తండ్రి కత్తితో చంపమంటే ఉరితాడు ఎంచుకున్నది టెలిమకస్. వాళ్ల కాళ్లు కాసేపు కొట్టుకున్నాయని, అదీ ఎక్కువసేపు కాదని కవి చెప్పి ముందుకెళ్లిపోతాడు. మూలానికి కట్టుబడతామనేవాళ్లు ఆ షాట్ కూడా తీయాలి. అది కోసేసి హీరోని కడిగిన ముత్యంలా చూపిస్తామంటే ఇంక ట్రాయ్‌ని తిట్టుకోవడం దేనికి?

పాతరీలు:
ఆ పేజీ దగ్గర నేనూ పుస్తకం మూసేసి లేచాను. మరి ముగింపు? 23లో మొగుడూ పెళ్లాం కలిశాక శుభం కార్డు వేసేయొచ్చుగా?

తెరవెనక:
అలెగ్జాండ్రియా పండితులు అరిస్టోఫనీస్, అరిస్టార్కస్ కూడా రెండువేల ఏళ్ల కిందటే, వాళ్లిద్దరూ పడక చేరిన చోటే కావ్యం ముగిసిందని హద్దు గీశారు. నేను ఒప్పుకోను. 24లో ముసలి తండ్రి లేయర్టీస్ అతుకుల బట్టలతో, ముళ్లు గీసుకోకుండా చేతులకు తొడుగులు వేసుకుని మొక్క చుట్టూ తవ్వుతుంటాడు. ఇంట్లో తిష్ఠవేసినవాళ్లు చచ్చారు, ఆయన దగ్గర దాచాల్సిన పనేలేదు. అయినా ఒడిస్సియస్ ఆయనకీ ఓ కట్టుకథ చెబుతాడు! ముసలాయన మట్టి తీసి నెత్తిన పోసుకున్నాకే నేనే నీ కొడుకునంటాడు. కాలి మచ్చ చూపించి, అది చాలదన్నట్టు చిన్నప్పుడు తండ్రి తనకిచ్చిన చెట్ల లెక్క అప్పజెబుతాడు: బేరి 13, ఆపిల్ 10, అత్తి 40, ద్రాక్ష 50 వరసలు. ఈ సీను కోసేసేవాడికి నేనైతే హక్కులివ్వను.

గుండ్రాయి:
హోమర్‌కి హక్కులెక్కడివి గురువుగారూ! ఎవడైనా తీసుకోవచ్చు. మీ చెట్ల లెక్క దగ్గరికొచ్చేసరికి నిర్మాత బడ్జెట్ లెక్క తీస్తాడు.